తనదైన గీత

ఒక చీరనో, ఒక కోటునో ఎదురుగా పెట్టి పదిమంది చిత్రకారుల చేత బొమ్మ వేయిస్తే, పది బొమ్మలూ ఆ వస్త్రాన్నే చూపుతాయి. అయినా వాటిలో ఏ రెండూ ఒకటి కావు. ఒకరి బొమ్మలో బట్ట బరువు తెలుస్తుంది. మరొకరి బొమ్మలో బట్టకంటే ముందు దానిని ధరించిన మనిషి నిలుచున్న ఠీవి కనబడుతుంది. ఇంకొకరు అంచు మీది ప్రతి పువ్వునూ లెక్కపెట్టి గీస్తారు. ఈ భేదాన్నే శైలి అంటారు. వస్త్రాలను, వాటిని ధరించే తీరును బొమ్మల ద్వారా చూపే కళ ఫ్యాషన్ చిత్రణ. ఈ కళలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ త్వరలోనే ఎదుర్కొనే ప్రశ్న ఒకటుంది: తనదైన శైలి ఎక్కడినుంచి వస్తుంది?

కళ్ళను విచిత్రంగా గీయడం, మెడను అతిగా సాగదీయడం, ఒక వింత రంగును అన్ని బొమ్మల్లోనూ వాడడం శైలి అని తొలిదశలో చాలామంది భావిస్తారు. అవి అలంకారాలు మాత్రమే. వాటిని ఎవరైనా ఒక్క పూటలో అనుకరించగలరు. చూసినదానిలో దేనిని ఉంచాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న నిర్ణయాన్ని చిత్రకారుడు వేలసార్లు తీసుకొన్న తరువాత అతని చేతికి అబ్బే అలవాటు శైలి. ఈ మాట ఎంతవరకు నిజమో ఫ్యాషన్ చిత్రణ చరిత్రే చెబుతుంది.

ఈ కళకు ఐరోపాలో దీర్ఘమైన చరిత్ర ఉంది. ప్రేగ్ నగరంలో జన్మించి ఇంగ్లండులో పనిచేసిన వెన్సెస్లాస్ హొల్లార్ 1640లో ఇంగ్లీషు స్త్రీల వేషధారణను చూపే చిత్రమాలను ప్రచురించాడు. రాగిరేకు మీద చెక్కిన సన్నని గీతలతోనే ఉన్ని, పట్టు, జంతురోమాలు వేరువేరుగా కనిపించేటట్లు చేసిన నిపుణుడాయన. ఫ్రాన్సులో 1672లో ఆరంభమైన 'మెర్క్యూర్ గాలాఁ' అనే పత్రిక రాజాస్థానపు దుస్తుల వార్తలను పాఠకులకు అందించింది. తరువాతి రెండు శతాబ్దాలలో వస్త్రచిత్రాల ముద్రణ పెద్ద వ్యాపారమైంది. అయితే బొమ్మ గీసేది ఒకరు, దానిని రేకు మీద చెక్కేది మరొకరు, ముద్రించిన కాగితాలకు చేతితో రంగులు అద్దేది వేరొకరు. ఇన్ని చేతులు మారిన బొమ్మలో ఒక మనిషి ముద్ర నిలవడం కష్టం. ఆనాటి చిత్రాలలో అధికభాగం సమాచారమే. ఎవరు గీశారన్న ప్రశ్న పాఠకునికి తోచదు.

ఈ పరిస్థితిని మార్చినవాడు చిత్రకారుడు కాదు, దుస్తుల రూపకర్త. ప్యారిస్‌లో పేరుపొందిన పాల్ ప్వారే స్త్రీలను బిగుతైన నడుముకట్ల నుంచి విడిపించి, భుజాల నుంచి సూటిగా జారే దుస్తులను రూపొందించాడు. పాత పద్ధతి బొమ్మలు తన కొత్త దుస్తులకు సరిపడవని గ్రహించి, 1908లో పాల్ ఇరీబ్ అనే యువ చిత్రకారునిచేత ఒక చిత్రసంపుటి వేయించాడు. అచ్చయినవి 250 ప్రతులే. 1911లో జార్జ్ లపాప్‌తో రెండవ సంపుటి వేయించాడు. ఈ బొమ్మలకు రంగులద్దిన విధానం గమనింపదగినది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలుచని లోహపు రేకును కత్తిరించి, దానిని కాగితం మీద పరచి, ఖాళీలలో కుంచెతో రంగు పూసేవారు. మన ముంగిళ్ళలో చిల్లుల రేకులతో ముగ్గు వేసే పద్ధతికి ఇది దూరపు బంధువు వంటిది. రేకుకు కత్తిరింపు అంచు ఉంటుంది గాని మెల్లగా కరిగే నీడ ఉండదు. అందువలన చిత్రకారులు నీడలను వదలి, సమతలమైన రంగులను, స్పష్టమైన సరిహద్దులను ఆశ్రయించారు. జపాన్ కొయ్యదిమ్మల ముద్రణలపై ఆనాటి ప్యారిస్ కళాకారులకున్న మక్కువ కూడ ఇందుకు తోడైంది. అంటే ఇరీబ్, లపాప్‌ల శైలిలో కొంత వారి స్వభావం, కొంత వారి కాలపు అభిరుచి, కొంత లోహపు రేకు విధించిన నియమం. పనిముట్టు విధించే హద్దును శత్రువుగా కాక గురువుగా భావించినవారికే అది లొంగింది.

1912లో వెలువడిన 'గజెత్ ద్యు బొన్ తొన్' అనే పత్రిక ఈ పద్ధతిని కొనసాగించి, 1925 వరకు నడిచింది. సరిగా ఆ 1912లోనే రష్యా నుంచి ఒక యువకుడు ప్యారిస్ చేరాడు. నౌకాదళపు ఉద్యోగి కుమారుడైన అతడు కుటుంబపు పేరును వాడక, తన పేరులోని రెండు తొలి అక్షరాలను ఫ్రెంచివారు పలికే తీరులో కలిపి 'ఎర్తే' అని పెట్టుకొన్నాడు. 1915 నుంచి 1936 వరకు 'హార్పర్స్ బజార్' పత్రికకు రెండువందలకు పైగా ముఖచిత్రాలు వేశాడు. ఎర్తే స్త్రీమూర్తులు గాలిలో తేలే అలంకారాల వంటివారు. వెంట్రుకవాసి గీతలు, ముత్యాల సరాలు, నేలంతా పరచుకొన్న అంచులు అతని బొమ్మలలో కనిపిస్తాయి. పర్షియా, భారతదేశాల సూక్ష్మచిత్రాల ప్రభావం వాటిపై ఉంది. నిజమైన స్త్రీ ఆ దుస్తులలో నాలుగడుగులు వేయగలదా అన్న సందేహం కలగక మానదు. కాని ఎర్తే లక్ష్యం అది కాదు. ధరించడానికి వీలైన దుస్తుల కంటే కలగనడానికి వీలైన దుస్తులను అతడు ఎంచుకొన్నాడు. ఆ ఎంపికలో రెండు దశాబ్దాలు చలించలేదు.

ఇంతలో ఒక పెనుమార్పు వచ్చింది. 1932 జులైలో అమెరికా 'వోగ్' పత్రిక ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన రంగుల ఛాయాచిత్రాన్ని ముఖపత్రంగా అచ్చువేసింది. ఆ పత్రిక ముఖపత్రం మీద రంగుల ఛాయాచిత్రం రావడం అదే మొదలు. అంతవరకు ఆ స్థానం చిత్రకారులది. కెమెరా కుట్టును, గుండీని, అల్లికను ఉన్నదున్నట్లు చూపగలదు, అలసట ఎరుగదు. తరువాతి సంవత్సరాలలో పత్రికలు ఒకటి తరువాత ఒకటిగా చిత్రకారులకు కేటాయించిన పుటలను తగ్గించాయి. బొమ్మలు గీసి పొట్టపోసుకొనేవారికి ఇది జీవన్మరణ సమస్య. వస్త్రాన్ని ఉన్నదున్నట్లు చూపడమే ఫ్యాషన్ చిత్రణ అయితే ఆ పని ఇక కెమెరాది. అప్పుడు చిత్రకారుడు చేయవలసినదేమిటి?

ఈ ప్రశ్నకు అందరికంటె సూటిగా సమాధానమిచ్చినవాడు రెనే గ్రువో. అతడు 1909లో ఇటలీలోని రిమిని పట్టణంలో జన్మించాడు. తండ్రి ఇటలీకి చెందిన ప్రభువంశీయుడు, తల్లి ఫ్రెంచి వనిత. తల్లిదండ్రులు విడిపోగా బాలుడు తల్లివద్ద పెరిగాడు. ఇంటి ఖర్చులకు సాయపడేందుకు కౌమార ప్రాయంలోనే బొమ్మలు అమ్మడం మొదలుపెట్టాడు. తన చిత్రాల మీద తల్లి ఇంటిపేరునే సంతకం చేశాడు. తరువాత ఆ సంతకం కూడ కుదించుకుపోయి ఒక నక్షత్రం, ఒక అక్షరం మాత్రమే మిగిలాయి. అతని బొమ్మలలోనూ జరిగినది ఇదే.

గ్రువో బొమ్మను మొదటిసారి చూసినవారికి అది అర నిమిషంలో గీసినదని అనిపిస్తుంది. నల్లని ఇంకుతో తీసిన ఒక దట్టమైన గీత భుజం నుంచి బయలుదేరి, నడుము దగ్గర సన్నబడి, అంగీ అంచుకు చేరేసరికి మళ్ళీ వెడల్పవుతుంది. చాలాచోట్ల గీత ఉండదు. వీపు ఎక్కడ ముగిసిందో చెప్పే రేఖ లేకపోయినా వెనుక ఉన్న ఎర్రని రంగు ఆ పని చేస్తుంది. ముఖంలో రెండు కనుబొమలు, ఒక పెదవి, అంతే. నలుపు, ఎరుపు, తెలుపు అనే మూడు రంగులతోనే ఎన్నో చిత్రాలు పూర్తి చేశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్యారిస్ నాట్యశాలలకు గోడచిత్రాలు వేసిన తులూజ్ లొత్రెక్ నుంచి, జపాన్ ముద్రణల నుంచి అతడు నేర్చుకొన్నాడు. అయితే అతని బొమ్మను లొత్రెక్ బొమ్మగా ఎవరూ పొరబడరు. లొత్రెక్ గీతలో నాట్యశాల వెలుగుకింద అలసిన మనుషులు ఉంటారు. గ్రువో గీతలో అలసటకు చోటులేదు.

1947 ఫిబ్రవరిలో క్రిస్టియన్ డియోర్ తన తొలి దుస్తుల ప్రదర్శన నిర్వహించాడు. యుద్ధకాలపు వస్త్రకరవును చవిచూసిన జనం ఎదుట సన్నని నడుములు, గజాలకొద్దీ బట్ట పట్టిన వెడల్పాటి పావడాలు ప్రత్యక్షమయ్యాయి. ఈ రూపాన్ని బొమ్మలలో లోకానికి చాటినవారిలో గ్రువో ముఖ్యుడు. డియోర్ సుగంధద్రవ్యానికి అతడు వేసిన ఒక ప్రకటనలో స్త్రీ లేదు, సీసా లేదు. మెడలో ముత్యాల హారం ధరించిన తెల్లని హంస మాత్రమే ఉంది. సువాసనను కెమెరా చిత్రించలేదు. నిజానికి ఏ బొమ్మా చిత్రించలేదు. కాని చూపరి మనస్సులో దానిని ఊహింపజేయడం గీతకు సాధ్యమని ఆ హంస నిరూపించింది. కెమెరా అన్నింటినీ చూపుతుంది. గ్రువో చాలా వాటిని చూపడు. ఆ చూపకపోవడమే అతనికి జీవనోపాధి అయింది. 2004లో తొంభై అయిదేళ్ళ వయస్సులో మరణించేనాటికి అతని బొమ్మలు కళాఖండాలుగా గౌరవం పొందాయి.

ఇక్కడ ఒక అపోహకు తావుంది. వదలివేయడం తేలిక, కనుక నాలుగు గీతలు గీసి ఊరుకొంటే చాలునని అనుకోరాదు. తెలియక వదలినదానికి, తెలిసి వదలినదానికి మధ్య భేదం చూపరికి వెంటనే తెలిసిపోతుంది. చంకదగ్గర బట్ట ఎలా ముడతపడుతుందో ఎరుగనివాడు అక్కడ గీత మానివేస్తే చేయి అతికించినట్లుంటుంది. ఎరిగినవాడు మానివేస్తే చేయి కదులుతున్నట్లుంటుంది. 'వోగ్' పత్రికలో ఎరిక్ అనే పేరుతో ప్రసిద్ధుడైన అమెరికా చిత్రకారుడు కార్ల్ ఎరిక్సన్ ఎదురుగా మనిషి నిలబడనిదే బొమ్మ గీసేవాడు కాదు. సమకాలీన బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ డౌన్‌టన్ ఒకే భంగిమను అనేకసార్లు గీసి, ఒకదానిపై ఒకటి పెట్టి చూసుకొంటూ, అనవసరమైన గీతలను ఒక్కొక్కటే తొలగిస్తూ పోతాడు. ఆశువుగా వచ్చినట్లు కనిపించే బొమ్మ వెనుక చిత్తుకాగితాల గుట్ట ఉంటుంది.

శైలి అంటే ఒకే రీతిని జీవితాంతం పట్టుకొని ఉండడమేనా? గ్రువోను, ఎర్తేను చూస్తే అవుననిపిస్తుంది. ఆంటోనియో లోపెజ్ జీవితం ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేస్తుంది. 1943లో ప్యూర్టోరికోలో పుట్టిన ఇతడు ఏడేళ్ళ వయస్సులో కుటుంబంతో న్యూయార్క్ చేరాడు. తల్లి దుస్తులు కుట్టేది. తండ్రి దుకాణాలలో దుస్తులు తొడిగి నిలబెట్టే బొమ్మలను తయారుచేసేవాడు. బట్ట ఒకవైపు, దానిని మోసే దేహం మరొకవైపు ఇంటిలోనే పాఠాలు చెప్పాయి. ఫ్యాషన్ విద్యాలయంలో పరిచయమైన హువాన్ రామోస్‌తో కలిసి అతడు చివరివరకు పనిచేశాడు. రామోస్ పరిశోధించి, రంగులను, నేపథ్యాన్ని నిర్ణయించేవాడు, లోపెజ్ గీసేవాడు. వారి బొమ్మలు ఒక ఏడాది యంత్రభాగాల వంటి గుండ్రని రూపాలతో, మరొక ఏడాది మెలికలు తిరిగే తీగలతో, ఇంకొక ఏడాది పత్రికల హాస్యచిత్రాల తీరులో ఉండేవి. రీతి మారినా చిత్రకారుణ్ణి పోల్చుకోవడం కష్టం కాదు. అతని బొమ్మలలో మనుషులు దుస్తులను మోయరు; వాటిలో ఆడతారు, వాలుతారు, నవ్వుతారు. నల్లజాతివారికి, లాటిన్ అమెరికన్లకు ఆనాటి ఫ్యాషన్ పుటలలో చోటు తక్కువ. వారిని కేంద్రస్థానంలో నిలిపిన చిత్రకారులలో లోపెజ్ ముందువరుసలోనివాడు. ఏ మనుషులను గీయాలన్నది కూడ శైలిలో భాగమేనని దీనివలన తెలుస్తుంది. 1987లో నలభై నాలుగేళ్ళకే అతడు కన్నుమూశాడు.

ఇక సాధన విషయం. పూర్వుల బొమ్మలను చూసి గీయడం తప్పు కాదు. సంగీత విద్యార్థి గురువు పాడిన కృతినే పాడి స్వరజ్ఞానం సంపాదించినట్లు, చిత్రవిద్యార్థి ఇతరుల గీతను అనుసరించి తన చేతికి పదును పెట్టుకొంటాడు. ఒక్కరినే అనుకరించినప్పుడు ప్రమాదం. ముగ్గురు నలుగురిని, అందులోనూ పరస్పర విరుద్ధులను అభ్యసించినవానికి ఏది తన చేతికి నప్పుతుందో తెలుస్తుంది. పాఠశాలలలో ఫ్యాషన్ బొమ్మను తల పొడవుకు తొమ్మిదింతల ఎత్తుతో గీయడం నేర్పుతారు. నిజమైన మనిషి సుమారు ఏడు, ఏడున్నర తలల ఎత్తు ఉంటాడు. ఆ కొలత నేర్చుకొనదగినదే గాని శాసనం కాదు. పొట్టివారు, లావువారు, వృద్ధులు కూడ బట్టలు కట్టుకొంటారు కదా!

బట్టను చదవడం అన్నిటికంటె ముఖ్యం. ఈ విషయంలో తెలుగునాట విద్యార్థికి గొప్ప అవకాశమున్నది. గద్వాల చీరలో నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. కట్టినప్పుడు నూలు గాలికి లేస్తుంది, అంచు బరువుతో కిందికి లాగుతుంది. ఈ రెండింటినీ ఒకే గీతతో గీస్తే చీర అబద్ధమవుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును నేతకు ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు. అందుచేత ఆ చీరమీది ఆకారాల అంచులు కొద్దిగా చెదరినట్లు కనిపిస్తాయి. స్కేలు పెట్టి గీసిన గళ్ళతో వాటిని చూపలేము. వెంకటగిరి నూలు పలుచన, కంచిపట్టు మడత గట్టిది. ఒక్కొక్క బట్టకు ఒక్కొక్క గీతను వెదకుతూ పోయిన విద్యార్థి తనకు తెలియకుండానే ఒక పద్ధతికి చేరుకొంటాడు. 1986లో ఢిల్లీలో మొదలైన జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థకు 1995లో హైదరాబాదులో శాఖ ఏర్పడింది. అటువంటి సంస్థలో చేరగోరేవారికి సంతలో, బస్సుస్టాండులో, పెళ్ళిపందిట్లో గీసిన నోటుపుస్తకం ఏ శిక్షణాకేంద్రపు పాఠాలకూ తీసిపోదు.

కెమెరా తరువాత ఇప్పుడు మరొక పోటీ వచ్చింది. 2022 నుంచి, మాటలతో అడిగితే క్షణాలలో బొమ్మను తయారుచేసే కృత్రిమ మేధ సాధనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ప్రసిద్ధ చిత్రకారుల రీతిని అవి పోలికలతో సహా అనుకరిస్తాయి. తమ అనుమతి లేకుండా తమ బొమ్మలను వాడుకొన్నారని అనేకమంది చిత్రకారులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. పైపై అలంకారాన్నే శైలిగా నమ్ముకొన్నవారికి ఈ పోటీ కెమెరా కంటె కఠినమైనది. పెళ్ళిపందిట్లో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కొంగును భుజం మీదికి ఎలా లాక్కున్నదో ఆ సాధనం చూడలేదు. చూసినది నోటుపుస్తకంతో వెళ్ళిన విద్యార్థి మాత్రమే.

తెలుగు పాఠకులు 'ఫ్యాషన్ చిత్రణ' అనే మాట వినకముందే దానికి సన్నిహితమైన కళను వారపత్రికలలో, మాసపత్రికలలో ఆస్వాదించారు. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన వడ్డాది పాపయ్య రంగుల చిత్రకారుడు. ఆయన స్త్రీమూర్తుల పలుచని వస్త్రాలలో రంగులు ఒకదానిలో ఒకటి కరుగుతాయి; ఒడలి ఛాయ బట్ట ఛాయలోకి ఎక్కడ మారిందో వేలుపెట్టి చూపలేము. 1933లో నరసాపురంలో జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, అనగా బాపు, ఇందుకు భిన్నమైన మార్గం తొక్కాడు. న్యాయశాస్త్ర పట్టభద్రుడైనా నల్లకోటు వేసుకోక ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రాలు గీశాడు. తమిళ చిత్రకారుడు గోపులును గురుతుల్యునిగా భావించాడు. పత్రికల మామూలు కాగితం మీద నల్లని గీత మాత్రమే స్పష్టంగా అచ్చయ్యేది, నీడలు అలికినట్లయ్యేవి. లోహపు రేకు ప్యారిస్ చిత్రకారులకు నేర్పినదే అచ్చుకాగితం ఈయనకు నేర్పింది.

బాపు బొమ్మలో చీరకు కుచ్చెళ్ళన్నీ ఉండవు. మూడు నాలుగు గీతలు నడుము దగ్గర మొదలై పాదాల వద్ద విచ్చుకొంటాయి. మిగిలినవాటిని పాఠకుడే లెక్కించుకొంటాడు. వాలుజడ వీపుమీదుగా ఒక్క ఊపులో జారుతుంది. ఆ ఒక్క వంపులోనే ఆమె తల తిప్పిందా, అలిగిందా, నడుస్తున్నదా అన్నది తేలిపోతుంది. తెలుగువారు అందమైన అమ్మాయిని 'బాపు బొమ్మ' అనడం నేర్చుకొన్నారు. ఒక చిత్రకారుని శైలి ఒక భాషలో మాటగా స్థిరపడడం అరుదు. 2013లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 2014లో ఆయన మరణించాడు.

పుస్తకాల అట్టలకు పేర్లను కూడ బాపు తానే స్వయంగా రాసేవాడు. ఆ చేతిరాత ఆధారంగా కంప్యూటర్లకు అక్షరాలు తయారయ్యాయి. పుస్తకాల మీద, శుభలేఖల మీద కనబడే ఆ అక్షరాలలో తలకట్టు చటుక్కున పైకి లేచి, గుడి దీర్ఘం ఒక్క ఊపులో వెనుకకు తిరుగుతుంది. వాలుజడను గీసిన చేయి, ఆ గుడి దీర్ఘాన్ని తిప్పిన చేయి ఒక్కటేనని పక్కపక్కన పెట్టి చూసినవారికి తెలుస్తుంది.